పెట్టని సెలవులు

జనవరి 12

అక్కా,

నిలబడి చదువుతుంటే ముందు కూర్చో. నేను ఉద్యోగం మానేశాను.

మానేశాను, తీసెయ్యలేదు. ఇంత నొక్కి ఎందుకు రాస్తున్నానంటే, మా గది కింద టైర్ల షాపాయన కూడా వినగానే "అయ్యో, తీసేశారా?" అన్నాడు. నా మీద జనానికి ఉన్న నమ్మకం అలాంటిది.

జరిగింది చెప్తాను, నవ్వకు. మా యజమాని పెద్దాయన పోయాక కట్టుడు పళ్ళ ల్యాబు వాళ్ళబ్బాయి చేతికి వచ్చిందని నీకు తెలుసు కదా. ఆ అబ్బాయిగారు కిందటి నెల గుమ్మం దగ్గర వేలిముద్ర మిషను పెట్టించాడు. అందరూ బొటనవేలు ఆనిస్తే టింగుమని పచ్చ లైటు వెలుగుతుంది. నేను ఆనిస్తే ఎర్ర లైటు. పైగా లోపల్నుంచి ఓ ఆడగొంతు, "మీరెవరో తెలియడం లేదు" అంటుంది. కుడి వేలు పెట్టాను, ఎడమ వేలు పెట్టాను, కడుక్కుని పెట్టాను, ఊదుకుని పెట్టాను. నా వెనక క్యూ కట్టారు గానీ ఆవిడ కరగలేదు. ఇరవై ఆరేళ్ళు కట్టుడు పళ్ళని పాలిష్ చక్రానికి అదిమి పట్టీ పట్టీ నా వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయట. తప్పు మిషనుది కాదట, నా వేళ్ళదట.

పదకొండో రోజు కూడా ఆవిడ అదే మాట అనేసరికి ఒళ్ళు మండిపోయింది. హాలు మధ్యలో నిలబడి ఉపన్యాసం దంచాను. "ఈ ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళు నవ్వేది నేను చేసిన పళ్ళతో! నేనెవరో తెలియదా?" అన్నాను. రాజీనామా అక్కడే రాసి బల్ల మీద పడేసి, తలెత్తుకుని బయటికి నడిచాను. గొడుగు మర్చిపోకపోతే బ్రహ్మాండంగా ఉండేది. గొడుగు కోసం ఒకసారి, టిఫిన్ డబ్బా కోసం ఇంకోసారి లోపలికి వెళ్ళాల్సి వచ్చింది. మూడోసారి బయటికి వస్తుంటే ఎవరూ తలెత్తి చూడను కూడా లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పక్క వీధిలో ఒక పాత ల్యాబు మూసేస్తున్నారు. పాలిష్ మోటారు అమ్ముతారట. అది కొనుక్కుంటే నా గదిలోనే విరిగిన పళ్ళ సెట్లు బాగుచేసుకుంటూ బతికెయ్యొచ్చు. ధర నా రెండు నెలల జీతం పైమాటే. ఫిబ్రవరి ఇరవై దాకా ఆగుతానని ఆ ల్యాబాయన అన్నాడు. ఉద్యోగం మానేస్తే, వాడుకోని సెలవులకి డబ్బులిస్తారని ఎవరో అన్నారు. ముప్ఫై ఏళ్ళు ఆఫీసు దస్త్రాల మధ్య బతికినదానివి, ఎలా అడగాలో చెప్పు. ఫోన్లో అడుగుదామంటే, ఫోన్ దగ్గర పెట్టగానే నీ చెవి మిషను కుయ్యిమంటుందాయె.

నీ తమ్ముడు,
మిషనుకి తెలియనివాడు

*

జనవరి 19

ఒరేయ్ నాయనా,

కూర్చునే చదివాను. చదివాక పడుకున్నాను. మీ బావ వచ్చి "ఎవరైనా పోయారా?" అని కంగారుపడ్డారు. తమ్ముడి ఉద్యోగం పోయిందన్నాను. ఉత్తరం తీసుకుని చదివి, "మానేశానని రాశాడు కదే" అన్నారు. ఆయనెప్పుడూ నీ పక్షమే.

యాభై ఆరేళ్ళు వచ్చి మిషను మీద అలిగిన మగాణ్ణి నిన్నే చూశాను. సరే, అయిందేదో అయింది. ఇప్పుడు చెప్పినట్టు చెయ్యి. లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ అంటారు దాన్ని. ల్యాబుకి వెళ్ళి అకౌంట్స్ అమ్మాయి దగ్గర సెలవుల రూల్స్ కాగితం అడుగు. ఇవ్వనంటే అక్కడే కూర్చుని కామాతో సహా ఎత్తి రాసి నాకు పంపు. ఉపన్యాసాలు వద్దు. ఏదడిగినా రాసి అడుగు, సంతకం పెట్టించుకో. కాగితం మీద లేకపోతే ఆఫీసు దృష్టిలో నువ్వు పుట్టనే లేదు.

నీకు నా పద్ధతి నవ్వులాట గానీ, నీ ఉత్తరాలన్నీ చిల్లులు పొడిచి, ట్యాగు కట్టి, నంబర్లు వేసి పెట్టాను. మొన్నటిది 118.

పోయినవాళ్ళని అనకూడదంటారు. కానీ ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారైనా నిన్ను నా గుమ్మం తొక్కనివ్వని ఆ పెద్దాయన ల్యాబు, ఇప్పుడైనా నీకు న్యాయం చెయ్యాలి.

నువ్వు చేసి పంపిన పై పళ్ళ సెట్టు వదులైంది. నమిలితే టకటకమంటోంది. మనవరాలు పక్కగదిలోంచి "అమ్మమ్మ తింటోంది" అని చెప్పేస్తోంది.

మీ అక్క

*

జనవరి 28

అక్కా,

వెళ్ళాను. అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర వేలు పెట్టాను. "మీరెవరో తెలియడం లేదు" అంది. ఈసారి ఆవిడ మాటలో న్యాయం ఉంది కాబట్టి ఊరుకున్నాను.

అకౌంట్స్ అమ్మాయి చాలా మర్యాదగా కుర్చీ వేసింది. రూల్స్ కాగితం బయటికి ఇవ్వకూడదంది. ఎత్తి రాసుకుంటానంటే పెన్ను కూడా ఇచ్చింది. గంటన్నర రాశాను. నా దస్తూరి నీకు తెలుసు కదా, మధ్యలో నేను రాసింది నేనే చదువుకోలేక ఆ అమ్మాయిని అడిగాను.

సారాంశం ఇది. ఏడాదికి పదిహేను సెలవులు. డిసెంబరు దాటితే ఏడు మాత్రమే ముందుకి కలుస్తాయి, మిగతావి రద్దు. అంటే ఇరవై ఆరేళ్ళు సెలవు పెట్టకుండా నేను వెలగబెట్టినదానికి నా లెక్కలో మిగిలినవి జనవరి ఒకటినే జమైన ఈ ఏటి పదిహేను, నిరుటివి ఏడు, వెరసి ఇరవై రెండు రోజులు. మోటారులో ఒక చక్రం వస్తుందేమో.

పద్నాలుగో రూలు మనకి పనికొచ్చేది కాదు గానీ, కామాతో సహా అన్నావు కనుక రాస్తున్నాను: "ఉద్యోగి కోరినప్పటికీ, పని ఒత్తిడి వల్ల యాజమాన్యం నిరాకరించిన సెలవులు రద్దు కావు. నిరాకరించినట్టు ఆధారం చూపితే, ఉద్యోగం విడిచిన రోజు జీతం లెక్కన వాటికి పూర్తిగా చెల్లించబడును."

కామాలు సరిగ్గా ఉన్నాయా?

నీ తమ్ముడు,
ఇరవై రెండు రోజుల ఆసామి

*

ఫిబ్రవరి 4

ఒరేయ్ పిచ్చి సన్నాసీ!

పనికొచ్చేది కాదా? ఆ పద్నాలుగో రూలు నీకోసమే పుట్టిందిరా! చదివి నేను వేసిన కేకకి మీ బావ చేతిలో గ్లాసు జారిపోయింది.

ఫైలు తీశాను. పొద్దున్నుంచీ అదే పని. ఉత్తరం నంబరు 9, నీకు సంబంధం చూసి, అమ్మాయిని చూసి వెళ్ళమంటే మూడు రోజులు సెలవడిగావు, ఆయన ఇవ్వలేదు. నంబరు 31, నా కూతురి పెళ్ళికి పది రోజులు, ఇవ్వలేదు. 44, మేం ఇల్లు మారినప్పుడు ఐదు. 52, నా చెవి ఆపరేషన్‌కి పదిహేను. 67, మీ బావ మోకాలికి ఏడు. 80, నా రిటైర్మెంట్‌కి నాలుగు. 96, మనవరాలు పుట్టినప్పుడు ఆరు. ఒకటి కాదు రెండు కాదు, ఏడుసార్లు! యాభై రోజులు! దానికి నీ ఇరవై రెండు కలిపితే డెబ్భై రెండు. మోటారు వస్తుంది, దాని మీద కప్పడానికి గుడ్డ కూడా వస్తుంది.

ఆయన తిప్పికొట్టిన సెలవు చీటీలు నీ దగ్గరుంటే వెంటనే పంపు. లేకపోయినా బెంగపడకు. ఏ రోజు ఏం జరిగిందో నీ చేత్తో నువ్వు రాసిన ఉత్తరాలున్నాయి, కవర్ల మీద పోస్టాఫీసు ముద్రలున్నాయి. ఇంతకంటే ఆధారం ఏం కావాలి?

ఇరవై ఏళ్ళుగా కడుపులో పెట్టుకున్నాను ఈ కోపం. ఇప్పటికి దానికో రూలు దొరికింది.

మీ అక్క

*

ఫిబ్రవరి 10

ప్రియమైన అక్కయ్యకి,

నీ ఉత్తరం అందింది. బావగారి గ్లాసుకి విచారిస్తున్నాను.

అక్కా, బాగా ఆలోచించాను. డబ్బుదేముంది? ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. ఇరవై రెండు రోజులు చాలు. పెద్దాయన ఎలాగూ లేడు, పాత సంగతులు తవ్వితే వాళ్ళబ్బాయి నొచ్చుకుంటాడు. పైగా ఆ ఉత్తరాలు మన ఇంటి విషయాలు. అందులో నీ చెవి ఉంది, బావగారి మోకాలు ఉంది. పరాయివాళ్ళ ముందు మోకాళ్ళు పెట్టడం బావుంటుందా?

సెలవు చీటీలు వెతికాను. కనపడలేదు. పెట్టె కింద చూశాను, పెట్టె వెనక చూశాను. ఎలుకలు కొట్టేసి ఉంటాయి. మా గదిలో ఎలుకలు లేవని టైర్ల షాపాయన అంటాడు గానీ, ఆయనకేం తెలుసు.

దయచేసి ఆ ఉత్తరాలు ఎవరికీ పంపకు. ఫైల్లోనే ఉండనీ. నీకు దండం పెడతాను. ఈ ఉత్తరం అందగానే సరేనని ఒక ముక్క రాయి.

నీ తమ్ముడు

*

ఫిబ్రవరి 11

ఒరేయ్,

నీ జవాబు కోసం ఆగలేకపోయాను. నువ్వు మొహమాటస్థుడివి, "పోనీలే అక్కా, డబ్బుదేముంది" అని రాస్తావని నాకు తెలుసు.

ఏడు ఉత్తరాలకీ జిరాక్సు తీయించి, కావలసినచోట ఎర్ర పెన్నుతో గీతలు గీసి, కవర్ల మీద ముద్రలతో సహా ల్యాబుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపేశాను. పైన నా పేరున రెండు పేజీల లేఖ పెట్టాను. "తోబుట్టువుని ఆపరేషన్ బల్ల మీద చూసే హక్కు లేకుండా చేసిన యాజమాన్యం, కనీసం ఆ పదిహేను రోజుల జీతమైనా చెల్లించి తన మనస్సాక్షికి జవాబు చెప్పుకోవలెను" అని ముగించాను. మీ బావ చదివి, రిటైరయ్యాక నా చెయ్యి ఇంకా పదునెక్కిందన్నారు.

ఇక నువ్వు చెయ్యాల్సిందేమీ లేదు. వాళ్ళు పిలిస్తే వెళ్ళి సంతకం పెట్టు.

మీ అక్క

*

ఫిబ్రవరి 24

అక్కా,

ఈ ఉత్తరానికి ఎన్నో నంబరు వేస్తావో గానీ, వేసే ముందు రెండుసార్లు చదువు. ఇది నాలుగోసారి రాయడం. ముందు మూడూ చింపేశాను.

వాళ్ళు పిలిచారు. అబ్బాయిగారు తన గదిలో కూర్చోబెట్టాడు. బల్ల మీద నీ కట్ట ఉంది, ఎర్ర గీతలతో. ఆయన 52వ నంబరు తీసి పైకి చదివాడు. "కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను అక్కా. ఆయన చీటీ నా కళ్ళముందే ముక్కలుగా చింపి చెత్తబుట్టలో వేశాడు. ఆయనకి గుండె ఉందో లేదో ఎక్స్‌రే తీయించాలి." అది చదువుతుంటే, ఇంత బాగా రాసింది నేనేనా అనిపించింది. సిగ్గులేని ముఖం, మెచ్చుకుంటోంది.

అబ్బాయిగారు కాగితం కింద పెట్టి, "మా నాన్న ఇంత కఠినంగా ఉండేవారని నాకు తెలియదండీ. ఆయన తరఫున నేను క్షమాపణ చెప్తున్నాను" అన్నాడు. వెనక గోడ మీద పెద్దాయన ఫోటో ఉంది. అటు చూడకుండానే చెక్కు నా ముందుకి తోశాడు. డెబ్భై రెండు రోజులకి. రసీదు మీద సంతకం పెట్టమన్నాడు.

పెన్ను మూత తీశాను. నీ దగ్గర దాచను, మోటారు ఏ గోడ పక్కన పెట్టాలో కూడా ఆ నిమిషంలో అనుకున్నాను. కానీ ఆ ఫోటో నావంకే చూస్తోంది. ఆయన పై పళ్ళ సెట్టు కూడా నేనే చేశాను, ఫోటోలో నవ్వుతున్నది దాంతోనే.

"ఇవన్నీ అబద్ధాలండీ" అన్నాను. "ఏడూ అబద్ధాలే. నేనెప్పుడూ సెలవు అడగలేదు."

అవునక్కా. ఒక్కసారి కూడా అడగలేదు. చీటీ రాయనే లేదు, ఆయన చింపనే లేదు. ఎలుకలు కూడా లేవు.

నీ ఆపరేషన్ సంగతి ల్యాబులో ఎవరో చెబితే, పెద్దాయనే సెలవు కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. దారి ఖర్చులకి కవర్లో డబ్బు కూడా పెట్టాడు. "వెళ్ళవయ్యా, పని ఎక్కడికీ పోదు" అన్నాడు. నేనేం చేశానో తెలుసా? "అక్కే రావద్దందండీ" అని కవరు తిరిగిచ్చేశాను. నీతో ఆయన వద్దన్నాడన్నాను, ఆయనతో నువ్వు వద్దన్నావన్నాను. మధ్యలో కూర్చుని పళ్ళు అరగదీశాను.

ఎందుకని అబ్బాయిగారు అడిగాడు. నువ్వూ అడుగుతావు కాబట్టి చెప్తాను. చేరిన రెండో ఏడు నాలుగు రోజులు జ్వరంతో రాలేదు. నేను లేక ల్యాబు స్తంభించిపోయి ఉంటుందని, జ్వరం తగ్గకుండానే పరుగెత్తాను. చూస్తే నా బల్ల మీద పదకొండు సెట్లూ పూర్తయి, మెరుస్తూ ఉన్నాయి. నాకంటే బాగా. ఎవరో నా కుర్చీ ఎత్తు కూడా తనకి తగ్గట్టు మార్చుకున్నాడు. ఎలా ఉన్నావని ఒక్కరు అడగలేదు, నేను రాలేదన్న సంగతే వాళ్ళకి గుర్తులేదు. ఆరోజు నుంచీ సెలవంటే భయం. నేను లేకపోయినా జరిగిపోతుందని మళ్ళీ కళ్ళతో చూడలేననిపించింది. పని ఎక్కడికీ పోదని పెద్దాయన ధైర్యం చెప్పాడు గానీ, నాకు గుబులు పుట్టించింది ఆ మాటే. నీకు ఇది రాయడం కంటే, ఆయన్ని రాక్షసుణ్ణి చెయ్యడం సులువైంది. తెలివిగల పిరికివాణ్ణి.

అబ్బాయిగారు వెనక్కి తిరిగి ఫోటో వంక చూశాడు. తర్వాత నవ్వాడు, తర్వాత కళ్ళు తుడుచుకున్నాడు. ఆ చెక్కు చింపి, ఇరవై రెండు రోజులకి ఇంకొకటి రాశాడు. అది తీసుకున్నాను. మోటారు వేరే ఎవరో కొనుక్కుపోయారు.

మిగతాది నువ్వు తిట్టు. ఏం తిట్టినా తక్కువే.

నీ తమ్ముడు

*

మార్చి 30

ఒరేయ్,

ఐదు వారాలు రాయలేదు. కోపం వచ్చి రాయలేదనుకుని ఉంటావు. కోపమే.

నిన్ను తిడదామని నాలుగుసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ ఆయనే అడ్డం వచ్చాడు. ఇరవై ఏళ్ళు ఆ మనిషికి నేను పెట్టని శాపనార్థం లేదు. రోజూ పళ్ళ సెట్టు కడుక్కుంటూ ఆయన్ని తలుచుకుని నురగతో సహా ఉమ్మేసేదాన్ని. పోయారని నువ్వు రాసినప్పుడు, "ఇప్పటికి ఆయనకీ సెలవు దొరికింది" అన్నాను. ఎంత మాటన్నానురా! ఆ మహానుభావుడేమో నా ఆపరేషన్‌కి దారి ఖర్చులు పంపబోయాడు. వాళ్ళబ్బాయికి క్షమాపణ చెప్పుకుంటూ ఉత్తరం రాశాను. రెండు పేజీలు తిట్టడానికి చాలాయి గానీ, దీనికి నాలుగు పట్టాయి.

ఆపరేషన్ రోజు నర్సు "మీ వాళ్ళు ఇంకెవరూ రాలేదా?" అని అడిగింది. "నాకు తమ్ముడున్నాడమ్మా, బంగారం లాంటివాడు, వాళ్ళ యజమాని రాక్షసుడు" అన్నాను. మత్తు ఎక్కేదాకా అదే చెప్తూ ఉన్నానట. ఆ రెండు చెవులతోనూ నేను ఆఖరుసారి విన్నది నా నోటంట నీ పొగడ్త.

నువ్వు నాలుగు రోజులు లేకపోతే నీ కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడని అంత భయపడ్డావు. ఇక్కడ నీకోసం ఏడుసార్లు కుర్చీ వేశాను. దాని ఎత్తు ఎవరూ మార్చలేదు, దాంట్లో ఎవరూ కూర్చోలేదు. ఖాళీగానే తీసి లోపల పెట్టాను. ఈ సంగతి నీకెవరూ చెప్పలేదు కదా, నేను చెప్తున్నాను.

ఆ ఏడు ఉత్తరాలూ చింపేద్దామని ట్యాగు విప్పాను. నంబర్లు మధ్యలో తెగిపోతాయని చెయ్యి రాలేదు. మళ్ళీ కట్టేశాను.

మీ బావ ఇప్పటికీ నీ పక్షమే. నేను ఎవరి పక్షమో ఇంకా తేల్చుకోలేదు. పై సెట్టు ఇంకా టకటకమంటూనే ఉంది.

అక్క

*

ఏప్రిల్ 8

శ్రీమతి అక్కయ్యగారి సముఖమునకు,

విషయం: సెలవు మంజూరు కోరుతూ దరఖాస్తు.

అయ్యా, కాదు, అమ్మా,

దిగువ సంతకం చేసినవాడు జీవితంలో ఇంతవరకు సెలవు చీటీ రాసి ఎరగడు. ఎలా రాయాలో టైర్ల షాపాయన్ని అడిగి రాస్తున్నాడు. తప్పులుంటే ఆయనవి.

కంపెనీవారు నాకు ఇరవై రెండు రోజులకి జీతం చెల్లించారు. నిన్న లెక్క చూసుకుంటే తట్టింది, డబ్బులు ముందే చేతికొచ్చాయి గానీ సెలవు మాత్రం నేనింకా వాడుకోలేదు. కాబట్టి సదరు ఇరవై రెండు రోజులూ మీ ఇంట్లో గడపడానికి అనుమతించవలసిందిగా కోరుతున్నాను. తిండి ఖర్చు నా జీతంలోంచే.

కారణం: అక్కని చూడాలని ఉంది. ఇంతకుముందు ఏడుసార్లు కూడా ఇదే కారణం, కాకపోతే రాయలేదు.

అనుబంధ కారణం: పై సెట్టు. మోటారు లేకపోయినా మైనం, ప్లాస్టరు, చిన్న ఆకురాయి తెస్తున్నాను. చేత్తోనే అరగదీస్తాను. వేళ్ళ మీద ఇంకా పోయేదేమీ లేదు.

నిరాకరించినచో, దయచేసి రాసి ఇవ్వగలరు. నిజంగా నిరాకరించిన సెలవు నా దగ్గర ఒక్కటీ లేదు.

ఇట్లు,
మీ విధేయుడు,
తమ్ముడు

*

ఏప్రిల్ 14

ఉత్తరం నంబరు 122కి జవాబు.

దరఖాస్తు అందినది. దస్తూరి అధ్వాన్నముగా ఉన్నందున మీ బావగారి చేత చదివించి పరిశీలించడమైనది.

ఇరవై రెండు రోజులు మంజూరు. కోపం ఇంకా ఉన్నది, దానికి రోజుకో గంట కేటాయించడమైనది. ఆ గంటలో దరఖాస్తుదారుడు ఎదురు మాట్లాడరాదు. కుర్చీ బయటికి తీయించి తుడిపించడమైనది. వాడుకోని రోజులకి ఈ ఇంట్లో డబ్బులివ్వరు, వచ్చే ఏటికి కలపరు.

ఇంక మామూలుగా రాస్తున్నాను. మాకు గంట లేదు, గట్టిగా తలుపు కొట్టు. కుడిపక్క కిటికీ దగ్గరికొచ్చి పిలువు, ఎడమ చెవికి వినపడదు. నువ్వెవరో నాకు తెలుస్తుంది.

అక్క